ఏ దిబ్బ మీదిది?

వీడియో గేముల్లో కత్తి మన కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. 1986 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైన 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా'లో ఆట మొదలైన చోటే ఓ గుహ కనబడుతుంది. లోపలికి పోతే ఒక ముసలాయన లింక్ అనే పిల్లవాడి చేతికి చెక్క కత్తి ఇస్తాడు. షిగెరు మియమోటో, తకాషి తెజుకా కట్టిన ఆ లోకం తర్వాత ఎన్నో భాగాలుగా పెరిగింది. 1991లో వచ్చిన 'ఎ లింక్ టు ద పాస్ట్'లో మాస్టర్ స్వోర్డ్ మొదటిసారి కనిపించింది. అడవి నడుమ రాతి పీఠంలో దిగబడి ఉంటుంది. తగినవాడు వచ్చి లాగితేనే ఊడివస్తుంది. 2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో ఆ తగినతనానికి ఒక కొలత కూడా పెట్టారు. లింక్‌కు 13 గుండెల బలం ఉండాలి. అంతకు తక్కువుంటే కత్తి వాడి ప్రాణాన్నే పీల్చేస్తుంది.

ఇంజినీరింగ్ హాస్టల్లో స్నేహితుడి కంప్యూటర్ మీద ఈ ఆటలు పట్టుకున్నాయి నన్ను. కరీంనగర్‌లో బడిపిల్లలకు ఫిజిక్స్ చెప్పే పనిలో చేరాక కూడా వదల్లేదు. ఇప్పటికీ ఇష్టమే. కొత్త భాగం వచ్చిందంటే, ఈసారి ఆ కత్తి ఏ స్థితిలో ఉంటుందా అని చూస్తాను. 2023లో వచ్చిన 'టియర్స్ ఆఫ్ ద కింగ్డమ్' మొదట్లోనే అది తుప్పు తిన్నట్టు విరిగి కనబడితే, తెలిసినవాళ్లకు దెబ్బ తగిలినంత బాధ కలిగింది.

జెల్డా ఆడేవాళ్ల చేతులకు ఒక అలవాటు పడుతుంది. ఎవరింట్లోకి పోయినా కుండలు పగలగొట్టడం, దారి పొడుగునా గడ్డి కోయడం, రాయి కనిపిస్తే ఎత్తి కింద ఏముందో చూడటం. దొరికిందల్లా సంచిలో వేసుకోవడం. ఆ లోకంలో అది తప్పు కాదు, ఆట సాగేదే అట్లా. నేను కోనసముద్రం పోయింది మాత్రం ఆ చేతులతోనే.

కోనసముద్రం నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. పాత కరీంనగర్ జిల్లా అంచున ఉన్న మా మెట్‌పల్లికి దగ్గరే. ఉత్తరాన గోదావరి, అది దాటితే నిర్మల్. చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు చేలగట్ల మీద నల్లటి, బరువైన, బుడగలు బుడగలుగా ఉన్న రాళ్లు కనిపించేవి. చిట్టెం రాళ్లు అనేవాళ్లు. ఇనుము కరిగించినప్పుడు మిగిలిన మడ్డి అది. ఉత్తర తెలంగాణలో అటువంటి దిబ్బలున్న ఊళ్లు చాలా ఉన్నాయి. అప్పుడు వాటిని కుక్కల మీదికి విసరడానికి వాడాం. అంతకుమించి ఆలోచించలేదు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు, ఆటల్లోని కత్తుల మీద మోజుతో డమాస్కస్ ఖడ్గాల గురించి చదువుతుంటే కోనసముద్రం పేరు ఎదురైంది. నీటి అలల్లాంటి గీతలు తేలే ఆ ఖడ్గాలకు ఉక్కు దక్షిణ భారతం నుంచి పోయేదనీ, పేరున్న చోట్లలో ఇదొకటనీ ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యపు ఉక్కు గురించి రాశాడు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో భారతీయ ఉక్కు మీద పత్రం సమర్పించాడు. తర్వాత మైకేల్ ఫారడే అదే ఉక్కును పరీక్షించి, అలాంటిదే చెయ్యాలని ఏళ్లతరబడి ప్రయోగాలు చేశాడు. విద్యుత్తు పాఠంలో నేను ఏటా చెప్పే ఫారడే! మా పొలాల గట్ల మీది సంగతి ఆయన బల్ల మీదికి చేరిందని తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు. మాస్టర్ స్వోర్డ్ మా ఊరి పక్కనే పుట్టిందనిపించింది.

ఆ ఆదివారమే సంచి పట్టుకుని పోయాను.

దిబ్బల మీద చిట్టెంతోపాటు మూసల పెంకులు దొరికాయి. మూస అంటే ఉక్కు వండిన మట్టి పాత్ర. పిడికెడంత పెంకును తిప్పి చూస్తే బయటి వైపు నల్లగా, ఆకుపచ్చగా గాజు పట్టి ఉంటుంది. కొలిమి వేడికి మట్టే కరిగి అట్లా కారింది. విరిగిన అంచున సన్నటి గీతలు కనబడతాయి, అవి ఊక కాలిపోయి మిగిల్చిన ఖాళీలు. లోపలి గోడ మీద తేనెపట్టు గదుల్లాంటి అచ్చు. దానిపైన చుట్టూ గట్టులా సన్నగా పొడుచుకొచ్చిన గాజు అంచు. మూసలో కరిగిన ఉక్కు ఎక్కడిదాకా నిలిచిందో ఆ అంచే చెబుతుంది. వందల ఏళ్ల కిందటి ద్రవం మట్టం వేలితో తడిమి తెలుసుకోవచ్చు. బాగున్నవి, అంచు తేలినవి, మూత తాలూకు ముక్కలు ఏరి సంచి నింపాను. ఆ తర్వాత కూడా పోయాను, చుట్టుపక్కల ఊళ్లు కూడా తిరిగాను. అన్నీ ఒకే సంచిలో వేశాను.

కొన్ని ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నాను. కొన్ని స్నేహితులకు ఇచ్చాను. మిగతావి బళ్లలో నేను చెప్పే 'మన ఊరి ఉక్కు' పాఠానికి తీసుకుపోయి, బాగా జవాబు చెప్పిన పిల్లలకు బహుమతిగా పంచాను. పిల్లలకు ఒళ్లు పులకరించాలని మాట కూడా పెంచాను. డమాస్కస్ కత్తులు కోనసముద్రంలోనే చేశారన్నాను. గాలిలో ఎగిరే పట్టుగుడ్డను అవి తెగ్గోసేవన్నాను. ఆ రహస్యం ఒక్క మనిషి దగ్గర ఉండి అతనితోనే పోయిందన్నాను. పట్టుగుడ్డ కథ కల్పిత సాహిత్యం నుంచి జనంలోకి వచ్చిందని అప్పటికే చదివి ఉన్నాను. అయినా చెప్పాను. పిల్లల కళ్లు పెద్దవవుతుంటే ఆగబుద్ధి కాలేదు.

ఒకసారి నా పాఠానికి పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అయ్యాక పెంకులు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. రెండు ముక్కల మట్టి వేరుగా ఉందని చూపించింది. ఒకదాంట్లో ఊక ఎక్కువ, ఇంకోదాని గోడ పలుచన.

"సార్, ఇవి రెండూ ఒకే ఊరివా?"

చెప్పలేకపోయాను.

"ఏ దిబ్బ మీదివి? పైన దొరికాయా, దున్నితే బయటపడ్డాయా? పక్కన చిట్టెం ఎట్లాంటిది ఉంది?"

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆమె గొంతు పెంచలేదు. "అయ్యో సార్" అని ఊరుకుంది. ఆ రెండు మాటలకంటే తిట్టినా బాగుండేది. ఎందుకో తర్వాత ఆమే విడమరిచి చెప్పింది. ఇనుము కరిగించిన దిబ్బ వేరు, ఉక్కు వండిన దిబ్బ వేరు. ఒక ఊళ్లో రెండూ ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. ఏ మూస ఏ దిబ్బలో, ఏ చిట్టెంతో కలిసి ఉందో తెలిస్తే ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో చేశారో గుర్తుపట్టే వీలుంటుంది. నేలలోంచి ఎత్తిన మరుక్షణం ఆ వీలు పోతుంది. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ ఊరూరా తిరిగి ఇటువంటి చోట్లను నమోదు చేశాయనీ, మన ప్రాంతపు పరిశోధకుడు ఎస్. జైకిషన్ అందులో ఉన్నారనీ ఆమె చెప్పాకే నాకు తెలిసింది. వాళ్లు ఒక్కో దిబ్బ దగ్గర ఆగి రాసుకుంటూ పోయారు. నేను వెనక నుంచి వచ్చి, రాసిన కాగితంలో అక్షరాలు చెరిపినట్టు ముక్కలు ఏరుకుంటూ పోయాను. వందేళ్లు దాటిన వస్తువును చట్టం పురావస్తువుగా చూస్తుందని, 1972 చట్టం ఉందని కూడా అప్పుడే చదివాను. ఆ మాట ముందే తెలిసి ఉంటే ఆగేవాణ్నా అంటే, నిజం చెప్పాలి, అనుమానమే. ఆ నేల మీద దొరికిన వస్తువు నాది కాదన్న ఊహే అప్పటికి నాకు రాలేదు.

ఇంటికొచ్చి బీరువాలోవి కిందికి దించి పరిచాను. గుర్తున్నవి వేరు చేద్దామని కూర్చుంటే గుర్తున్నవి కొన్నే. పంచినవి అడిగితే ఒక పిల్లవాడు బాయిలో వేశానన్నాడు, ఇంకొకడి తమ్ముడు పగలగొట్టాడు. నేనే ఇచ్చాను, వాళ్లననేదేముంది?

ఆ తర్వాతే, చదవాల్సిన వరసలో మొదట చదవాల్సింది తీరిగ్గా చదివాను. హెన్రీ వోయ్‌సీ అనే వైద్యుడు 1820ల తొలినాళ్లలో కోనసముద్రం వచ్చాడు. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆయన. 1824లో చనిపోయాడు, ఆయన రాసింది 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మట్టిలో పాత మూసల, పాత కొలుముల ముక్కలనే దంచి, ఊక కలిపి కొత్త మూసలు చేసేవారని అందులో ఉంది. పగిలిన మూస మళ్లీ మూస అయ్యేది. నేను పనికిరాని పెంకులనుకుని ఏరినవి వాళ్లకు ముడిసరుకు.

రెండు రకాల ఇనుము కలిపేవారట, ఒకటి మూడు పాళ్లు, ఇంకొకటి రెండు పాళ్లు. మొదటిది మిర్ట్‌పల్లి నుంచి వచ్చేదని ఆయన రాశాడు. చదువుతుంటే నాకు మెట్‌పల్లి అనే వినబడింది. మూసలకు మూత పెట్టి, మెత్తి, కొలిమిలో పేర్చి, ఒక పగలూ ఒక రాత్రీ తిత్తి ఆగకుండా వంతులేసుకుని ఊదేవారు. చల్లారాక మూసలు పగలగొడితే ఒక్కోదాంట్లో సుమారు 700 గ్రాముల ఉక్కు బిళ్ల. అది అట్లాగే పనికిరాదు, సుత్తె దెబ్బకు పగిలేంత పెళుసు. మళ్లీ మట్టి మెత్తి, పన్నెండు పదహారు గంటలు మంటలో ఉంచి, చల్లార్చి, ఇంకా గట్టిగా ఉంటే మళ్లీ మొదటి నుంచి. మెత్తబడేదాకా అంతే. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్ అనే వర్తకుడు అక్కడే ఉండి సరుకు చూసుకునేవాడు. మా దేశంలో ఇట్లాంటిది చేయబోయి ఓడిపోయామని అతనే వోయ్‌సీకి చెప్పాడు.

అంటే పర్షియాకు పోయింది బిళ్లలు. గీతలు తేలిన ఖడ్గం అయ్యింది అక్కడి కమ్మరుల చేతిలో, వాళ్లకు తెలిసిన సన్నటి వేడిలో. తెల్లగా కాలిస్తే ఆ ఉక్కు ముక్కలైపోతుంది, ఐరోపా కమ్మరులు ఓడింది అక్కడే. 1998 నాటికి అమెరికాలో వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి ఆ గీతలకు కారణాల్లో ఒకటి పట్టుకున్నారు. ఖనిజంలో అణుమాత్రంగా ఉండే వనేడియం లాంటి లోహాలు ఉక్కు గట్టిపడేటప్పుడు పొరలుగా పేరుకుంటాయి, కొట్టిన కొద్దీ, కాల్చిన కొద్దీ కార్బన్ ఆ పొరల వెంట వరుస కడుతుంది. ఒక్క మనిషి మింగేసిన రహస్యం కాదది. ఖనిజం, కట్టెబొగ్గు, మూస చేసే చెయ్యి, తిత్తి ఊదే చెయ్యి, ఓడ, ఒంటె, ఇస్ఫహాన్ కొలిమి, అన్నీ కలిస్తేనే. అడవి మీద ఆంక్షలు వచ్చి, సీమ ఇనుము చవగ్గా దిగుమతయ్యాక ఆ వరసలో ఈ చివర తెగిపోయింది. ఇక్కడ కత్తులే చేయలేదని ఇప్పుడు అటువైపు ఒరిగితే అదీ తప్పే. 1660లలో ఈ దారిన పోయిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు చేసి దేశమంతా అమ్మేవారని రాశాడు.

ఇదంతా చదివాక 'ఒకరీనా ఆఫ్ టైమ్' గుర్తొచ్చింది. 1998లో వచ్చిన ఆ ఆటలో జెయింట్స్ నైఫ్ అని డబ్బు పెట్టి కొనే పెద్ద కత్తి ఒకటుంది, కొన్ని దెబ్బలకే విరుగుతుంది. విరగనిది కావాలంటే కొండ మీద ఉండే బిగ్గొరాన్ అనే కమ్మరి చేయాలి. అతని కళ్లు బాగాలేవు, మందు తెచ్చివ్వాలి. ఆ తర్వాత కూడా మూడు రోజులు ఆగమంటాడు. నేను ఆగలేదు. సూర్యుడి పాట వాయిస్తే ఆ ఆటలో పగలూ రాత్రీ గిర్రున తిరుగుతాయి, వాయించి తీసేసుకున్నాను. 'ఎ లింక్ టు ద పాస్ట్'లోనూ అంతే. విడిపోయిన ఇద్దరు కమ్మరులను కలిపితే మాస్టర్ స్వోర్డ్‌కు కొత్త పదును పెడతారు, కానీ కత్తి వాళ్ల దగ్గర వదిలి వట్టి చేతులతో బయటికి పోవాలి. ఆ కాసేపు నాకు విసుగు పుట్టేది. ఆట తయారుచేసినవాళ్లు కమ్మరికి ఇచ్చిన గౌరవం అక్కడే ఉందని ఇన్నాళ్లూ చూడలేదు. చేసేవాళ్లను దాటేసి వస్తువు మీద పడటం నా చూపుకు అప్పటికే అలవాటు. బళ్లలో నేను చెప్పిన పాఠంలో ఖడ్గం ఉంది, సుల్తానులున్నారు, ఫారడే ఉన్నాడు. తిత్తి ఊదినవాళ్లు లేరు. ఇనుము కరిగించిన ముద్దకమ్మరుల పేరు నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మెట్‌పల్లి దగ్గర ఇంకా కొలిమి నడుపుతున్న ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. వెల్డింగు షాపులు వచ్చాక పని తగ్గింది. వాన పడే ముందు మాత్రం నాలుగు కర్రులు, కొడవళ్లు వస్తాయి.

"తాతా, మీ పెద్దలు కత్తులు చేసేవాళ్లా?" అన్నాను.

"కత్తులు గిత్తులు నాకెర్కలే సారూ. కర్రు జేసిన్రు, గొడ్డలి జేసిన్రు, బండి గిర్రకు పట్టా ఏసిన్రు. అందరు కత్తి గురించే అడుగుతరు. కర్రు లేకుంటె తినుడెట్ల?"

దాగలి మీద కొడవలి తిప్పుతూ రంగు చూడమన్నాడు. కాలిన అంచు మీద పసుపు, దాని వెనక నీలం పాకుతూ వచ్చింది. ఎక్కడ ఆపాలో ఆయన కంటికి తెలుసు. ఠక్కున నీళ్లలో ముంచాడు. "ఇంకింత ఆగితె మెత్తవడ్తది. తొందరవడితె పెట్లుతది" అన్నాడు. ఫిజిక్స్ పుస్తకంలో ఈ రంగుల పట్టిక ఉంది, నేను చెప్పాను కూడా. కంటితో చూడటం అదే మొదలు.

ఆ ఏడే మళ్లీ అవే బళ్లకు పోయి, చెప్పింది తప్పని చెప్పాను. పట్టుగుడ్డ కథ తీసేశాను. ఇస్ఫహాన్ కమ్మరి వాటా ఇస్ఫహాన్‌కు ఇచ్చాను. కొందరు పిల్లలకు నిరాశ కలిగింది, దాచిపెట్టను. కానీ మూస పెంకు మీద వేలు పెట్టి ఉక్కు నిలిచిన మట్టం కనుక్కోమంటే పట్టుగుడ్డను మించి ఆసక్తిగా చూశారు. చేతికి అందిన సాక్ష్యంలో అంత బలం ఉందని నేను నమ్మలేదు, అందుకే కథ అల్లాను. ఊరు గుర్తున్న కొన్ని పెంకులు చీటీలు కట్టి ఆ పరిశోధక విద్యార్థినికి అప్పగించాను. మిగతావి 'చోటు తెలియదు' అని రాసిన డబ్బాలో ఉన్నాయి. పాఠానికి ఇప్పుడు అవే వాడుతున్నాను, ఆ చీటీ పిల్లలకు చూపించే మొదలుపెడుతున్నాను.

దిబ్బలు ఎక్కువ కాలం ఉండవు. చేలు చదును చేస్తున్నారు, చిట్టెం బాటలకు పోస్తున్నారు. రైతును తప్పుపట్టలేం, అది అతని పొలం. కిందటి వేసవిలో తొమ్మిదో తరగతి పిల్లలతో మెట్‌పల్లి వైపు ఒక పల్లెకు పోయాం. ఏమీ ఎత్తకూడదు, ఫొటో తీయాలి, టేపుతో కొలవాలి, దిక్కులు రాయాలి, అంతే. చేను బాట పొడుగునా పెంకులు కనబడేసరికి ఇక్కడంతా కొలుములు ఉండేవని ఒక అమ్మాయి గబగబా రాసుకుంది. నేనూ తలూపాను, ఎందుకంటే మొదటి రోజుల్లో నా సంచిలోకి చేరినవాటిలో ఎన్నో అట్లాంటి బాటల మీదివే. అప్పుడు ఆ రైతు నవ్వి, "ఈడ ఏ కొలిమి లేదు బిడ్డా. మా నాయిన ఆ గట్టు అవుతలి దిబ్బ తవ్వి, బండ్లు బురదల దిగవడ్తున్నయని ఈ బాటకు పోసిండు. సగం దిబ్బ ఈడనే ఉంది" అన్నాడు. ఏ ఏడు పోసి ఉంటారని ఆ అమ్మాయి అడిగింది. ఆయన లెక్కవేసుకుని, తన పెండ్లికి ముందని చెప్పాడు. ఆమె రాసింది కొట్టేసి, ఆయన మాటను ఆయన చెప్పినట్టే కింద రాసుకుని, పటంలో ఆ బాటను వేరే రంగుతో గీసింది.